పేరు పెట్టి పిలిచే పేజీ

బుధవారం మధ్యాహ్నం భోజనం కాగానే నేను సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కి మల్కాజ్‌గిరిలో దిగుతాను. అక్కడ మేనల్లుడి ఇంట్లో మా అక్క ఉంటుంది. గ్లకోమా వల్ల ఆమె రెండు కళ్ళూ పోయాయి. ముందు కుడికన్ను, రెండేళ్ళ తేడాతో ఎడమది. ఉద్యోగం చేసినంతకాలం మిషన్ బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషికి ఇప్పుడు ఒకరు పుస్తకం చదివి వినిపించాలి. ఆ పని నాకు వచ్చింది. నేను రైల్వేలో లెక్కలు తనిఖీ చేసి రిటైరయినవాణ్ణి. కథలు చదివే అలవాటు నాకు ఏనాడూ లేదు.

ఈ రాతలో పేర్లు ఇవ్వడం లేదు, సంవత్సరాలూ ఇవ్వడం లేదు. ఇస్తే మనుషులు తెలిసిపోతారు. పేర్లు లేకపోవడం నన్ను అంతగా బాధించదు. తేదీ లేకుండా ఒక విషయాన్ని కాగితం మీద పెట్టడం మాత్రం సంతకం లేని వోచరును పాస్ చేసినట్టుగా ఉంది.

అక్క వినేవి ఒకే రకం నవలలు. మోండా మార్కెట్‌కు కూరగాయల కోసం వెళ్ళినప్పుడు ఆ వెనక సందులో ఒక పాత పుస్తకాల దుకాణం నుంచి నేనే తెచ్చేవాణ్ణి. రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు. గుర్రపు బళ్ళు, నాట్యాలు, గొప్పింటి దొరలు. కథలో తేడా పెద్దగా ఉండదు. ఒక పాస్టరు కూతురు ప్రయాణంలో మంచు తుఫానుకు చిక్కి దారిలో ఒక సత్రం చేరుతుంది. అదే సత్రంలో ఒక దొర కూడా చిక్కుకుపోయి ఉంటాడు. ఇద్దరి మధ్యా ఏమీ జరగదు. కాని తెల్లవారి ఆమె మెట్లు దిగివస్తుంటే ఎవరో చూస్తారు. మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. సాయంత్రానికి పెద్దలు పెళ్ళి నిశ్చయిస్తారు. ఆమె ఇష్టం ఎవరూ అడగరు, అతని ఇష్టమూ అడగరు. పెళ్ళయ్యాక పొడవాటి భోజనబల్లకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చుని, ఆమె అతణ్ణి ‘మై లార్డ్’ అనీ, అతను ఆమెను ‘మేడమ్’ అనీ మర్యాదగా పిలుచుకుంటూ ఉంటారు. అలా చాలా పేజీలు గడుస్తాయి. ఒక పేజీలో అతను ఆమెను మొదటిసారి పేరు పెట్టి పిలుస్తాడు. ఆ తరవాత అంతా ప్రేమే.

అక్క ఎదురుచూసేది ఆ పేజీ కోసం.

“పిలిచాడట్రా?” అని అడిగేది మధ్యమధ్యలో.

“ఇంకా లేదక్కా.”

“ఎన్నో పేజీలో ఉన్నాం?”

“నూట అరవై రెండు.”

“ఇంకా టైముందిలే. పిలుస్తాడు.”

నేను ఆ పుస్తకాల్లో చూసేది వేరు. నాట్యం గురువారం జరిగిందని రాసి, నాలుగు రోజులు గడిచాక ఆదివారం ఆరాధనకు వెళ్ళారని రాస్తే నేను చదవడం ఆపేసేవాణ్ణి.

“గురువారానికి నాలుగు కలిపితే సోమవారం కదక్కా?”

“ఒరేయ్, అక్కడ ఆ పిల్ల బతుకు తలకిందులైపోతుంటే నీకు వారం కావలసివచ్చిందా?”

“వారం తప్పయితే మిగతాది ఎలా నమ్మను? ఇక్కడ చూడు, పది రోజుల్లో పెళ్ళి చేసేశారు. మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవొద్దూ? అప్పుడు వాళ్ళకీ మనలాగే ఆ నియమం ఉంది కదా?”

“బిషప్పుగారి దగ్గర ప్రత్యేకంగా లైసెన్సు తెచ్చుకుని ఉంటారు. నువ్వు ఆడిట్ ఆపి ముందుకు చదువు నాయనా.”

రెండు పేజీల తరవాత ఆ లైసెన్సు వచ్చింది. అక్క నవ్వింది. ఆమె పూర్తిగా నవ్వడం నేను చూసింది ఆ బుధవారాల్లోనే.

ఆ నియమం గురించి తెలియనివారికి చెప్పాలి. మా క్రైస్తవ సంఘాల్లో పెళ్ళి కుదిరితే, వరుసగా మూడు ఆదివారాలు ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, వీరి పెళ్ళికి తగిన ఆటంకం ఏదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండని అడుగుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. ఎవరో దగ్గుతారు, ఒక చంటిపిల్ల ఏడుస్తుంది, అయ్యగారు పాట నంబరు చెబుతారు. నా జీవితంలో కొన్ని వందల ప్రకటనలు విని ఉంటాను. ఒక్కసారి కూడా ఒక్కరూ లేచి నిలబడగా చూడలేదు.

అక్క పేరు అలా చదివినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆమె బడిలో చేరి రెండో ఏడు. లెక్కల మాస్టారూ ఆమే పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక సాయంత్రం బడిలో ఆలస్యం చేశారు. ఉన్నట్టుండి ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. తెల్లవారేదాకా ఇద్దరూ స్టాఫ్ రూములోనే ఉండిపోవలసి వచ్చింది. ఆ గది గుమ్మంలోనే వాచ్‌మన్ కూడా ఉన్నాడు. కాని ఆ తరవాత ఎవరూ అతణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. పొద్దున్న వాళ్ళు గేటు దాటి వస్తుంటే సంఘంలోనివారు ఒకరు చూశారు. నెల తిరక్కుండా పెళ్ళి చేశారు.

బావగారి గురించి ఒక్క చెడ్డమాట రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. గొంతు పెంచి ఎరగడు. జీతం తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. జ్వరం వస్తే పక్కనే కూర్చుని తడిగుడ్డ మార్చేవాడు. కాని పెళ్ళికి ముందు బడిలో ఆమెను ఎలా పిలిచేవాడో, పెళ్ళయ్యాకా అలాగే పిలిచాడు: ‘టీచర్‌గారూ’. కొడుకు పుట్టాక కూడా అంతే. ఆసుపత్రిలో చివరి రోజున “టీచర్‌గారూ, కాస్త మంచినీళ్ళు” అన్నది ఆయన ఆఖరి మాట. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. సమాధి రాతి మీద ఆయన పేరు చెక్కించి, పక్కన అక్క పేరుకు చోటు వదిలారు. అది చూసుకుని వచ్చిన రోజున, అప్పటికింకా ఎడమకన్ను ఉంది, ఆమె నాతో అంది: “ఆ మూడు ఆదివారాలు గుళ్ళో చదివారే, ఆ తరవాత మా రెండు పేర్లూ ఒక్కచోట నేను మళ్ళీ వినలేదురా.”

ఆ నవలల మోజు ఆమెకు ఆ తరవాతే పట్టుకుంది.

ఇక మనవరాలి సంగతి. మేనల్లుడికి ఒక్కతే కూతురు. ఇక్కడే ఒక కంపెనీలో ఉద్యోగం. గత అక్టోబరులో ఒక సాయంత్రం కుండపోత వాన పడింది. ఆమె ఆఫీసు వాళ్ళ కారులో యాప్రాల్ వైపు వెళ్ళి, రోడ్డు మీద నీళ్ళు నిలవడంతో ముందుకు పోలేకపోయింది. తోటి ఉద్యోగి ఒకతని ఫ్లాటు ఆ పక్కనే. ఆ రాత్రి అక్కడ ఆగింది. తడిసిన బట్టలు ఆరలేదు కనుక, పొద్దున్న అతని టీషర్టు వేసుకుని లిఫ్టు దిగింది. లిఫ్టు బయట మా సంఘం పాటల బృందంలోని ఒకావిడ పాల ప్యాకెట్లతో నిలబడి ఉంది.

ఆవిడ వెంటనే ఎవరికీ చెప్పలేదు. దాచి ఉంచింది. క్రిస్మస్ ముందు పాటల బృందం ఇల్లిల్లూ తిరుగుతూ మేనల్లుడి ఇంటికి వచ్చింది. పాటలయ్యాక అందరికీ కేకు, టీ ఇచ్చారు. అప్పుడు అందరి ముందూ పిల్లను ఆవిడ పలకరించింది.

“ఏందమ్మా, వాన బంద్ అయినంక ఒక ఫోన్ సుత చేయకపోతివి? మా అపార్ట్‌మెంటుల ఉంటివి గదా ఆ రాత్రి. నేనే టిఫిన్ పెడుతుంటిని.”

పిల్ల తండ్రి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

జనవరిలో రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. అబ్బాయి తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చారు. వాళ్ళూ మా సంఘంవాళ్ళే కావడం అందరికీ పెద్ద అదృష్టంలా కనిపించింది. ఆ సాయంత్రం మేనల్లుడు నాకు ఫోన్ చేశాడు.

“మావయ్యా, ఈ యేడు భస్మ బుధవారం ఎప్పుడొచ్చింది?”

చెప్పాను. ఇలాంటివి అడిగితే నేను క్యాలెండరు చూడనవసరం లేదు. భస్మ బుధవారంతో లెంటు, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలం, మొదలవుతుంది. లెంటులో మాకు పెళ్ళిళ్ళు చేయరు.

“దానికి ముందు మూడు ఆదివారాలు దొరుకుతాయా?”

“ప్రకటన వచ్చే ఆదివారమే మొదలుపెడితే దొరుకుతాయి. సరిగ్గా మూడే.”

“అయితే ఆ మంగళవారం చేసేద్దాం. ఈస్టరు దాకా ఈ నోళ్ళు మూయించడం నా వల్ల కాదు.”

తరవాతి బుధవారం నేను వెళ్ళేసరికి అతను తల్లి మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క ఒళ్ళో పుస్తకం ఉంది.

“దానికి ఇష్టం లేదురా,” అంటోంది అక్క.

“నువ్వు వినే ఈ పుస్తకాలన్నిట్లో ఉన్నది ఇదే కదమ్మా? ముందు పెళ్ళి, తరవాత ప్రేమ. అంతెందుకు, నువ్వూ నాన్నా బతకలేదా? మీ ఇద్దరి మధ్య ఒక్క గొడవ చూశానా నేను?”

అతను తిరిగి ఆఫీసుకు వెళ్ళిపోయాక అక్క “చదవరా” అంది. చదివాను. ఆ వేళ ఒక్కసారి కూడా ‘పిలిచాడా’ అని అడగలేదు.

మొదటి ఆదివారం ప్రకటన చదివారు. రెండో ఆదివారం యౌవనస్థుల ఆదివారం. ఆ రోజు ఆరాధన మొత్తం కుర్రాళ్ళ చేతికి ఇస్తారు. వాళ్ళు గిటార్లు వాయించారు, నాటిక వేశారు, ప్రకటనలు ఫోనులో చూసి చదివారు. మూడో ఆదివారం నేను అక్కను చెయ్యి పట్టి తీసుకువెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాను. అయ్యగారు పేర్లు చదివి, “ఇది మూడవ ప్రకటన” అన్నారు.

అక్క చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది.

“పోయిన వారం చదివారా?” అని గుసగుసగా అడిగింది. “నేను విన్లేదు. నువ్విన్నావా?”

నేను ఆలోచించుకున్నాను. గుడి మరమ్మతులు, మహిళల కూడిక, రక్తదానం, తప్పిపోయిన గొడుగు. అంతే. పెళ్ళి ప్రకటన లేదు.

“చదవలేదు,” అన్నాను.

“అయితే లేచి చెప్పు.”

“అక్కా...”

“వారం తప్పయితే మిగతాది ఎలా నమ్ముతానన్నావే! లేచి చెప్పు.”

అయ్యగారు అప్పటికే ఆటంకం సంగతి అడిగి, పాట పుస్తకం తెరుస్తున్నారు. నేను లేచాను. నా వెనక బల్లలు కదిలిన చప్పుడు వినిపించింది.

“అయ్యగారూ, క్షమించాలి. ఇది మూడవది కాదు, రెండవది. పోయిన ఆదివారం చదవలేదు.”

ఆయన కళ్ళజోడు తీసి కుర్రాళ్ళ వైపు చూశారు. వాళ్ళు ఒకరి ఫోను ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ముఖాలే జవాబు చెప్పాయి. ఆరాధన ముగిసి మేము బయటకు వచ్చేసరికి మెట్ల మీదే మేనల్లుడు పట్టుకున్నాడు.

“ఒక్క ఆదివారానికి ఏం మునిగిపోతుంది మావయ్యా? ఎల్లుండి పెళ్ళి! చుట్టాలు రైలెక్కేశారు!”

పాటల బృందం ఆవిడ కూడా వచ్చింది. “గింత దానికి లేసి నిలబడాల్నా అంకుల్? ఆ పిల్ల ముచ్చట సంఘంల ఎరుక లేనిదెవ్వరికి? మూడుసార్లు గాదు, ముప్ఫైసార్లు చదివినట్టే గదా!”

మేనల్లుడు బిషప్పుగారి లైసెన్సు మాట ఎత్తాడు. తొందర ఉందన్న కారణానికి అది ఇవ్వరని, అడగడానికి కూడా తాను వెళ్ళనని అయ్యగారు తేల్చి చెప్పారు. పెళ్ళి ఈస్టరు దాటాకే. మూడు ప్రకటనలూ మళ్ళీ మొదటినుంచి.

లెంటు నలభై రోజులంటారు. నడుమ వచ్చే ఆదివారాలు కలిపితే ఈస్టరుకు ముందు నలభై ఆరు రోజులు. రైలులో ఇంటికి వెళ్తూ ఆ అంకెను నేను చాలాసార్లు మనసులో తిప్పుకున్నాను. నలభై ఆరు రోజుల్లో ఒక మనిషి ‘వద్దు’ అన్న రెండక్షరాలు చెప్పగలదనుకున్నాను.

లెంటు సగం దాటాక ఒక బుధవారం, నేను చదువుతుండగా మనవరాలు గదిలోకి వచ్చి నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆఫీసుకు సెలవు పెట్టిందట. చిక్కిపోయింది.

“మీ నాన్నతో మాట్లాడావా?” అంది అక్క.

“వద్దంటే ఆయన మాట్లాడడం మానేస్తున్నాడు నానమ్మా. రెండ్రోజులు, మూడ్రోజులు. అమ్మేమో రోజూ ఉపవాసం. లెంటుకా, నా కోసమా అంటే రెండిటికీ అంటోంది. ఒక్క ఉపవాసంతో రెండు పనులు.”

“ఆ అబ్బాయి?”

“తనకీ ఇష్టం లేదు. వాళ్ళింట్లో నాకంటే ఎక్కువ పరేషాన్ చేస్తున్నారు. కనిపిస్తే సారీ చెప్తాడు. మీటింగుకి లేటుగా వస్తే చెప్తాం చూడు, అట్ల. మంచోడే నానమ్మా. చెడ్డోడైతే వద్దనడం ఈజీగా ఉండేది.”

అక్క చేత్తో తడిమి ఆమె తల మీద చెయ్యి వేసింది.

“నానమ్మా, ఒకటడుగుతా. నిజం చెప్పాలి. మీ పెళ్ళి కూడా ఇట్లనే అయింది కదా. తాత నిన్ను బాగా చూసుకున్నాడా?”

నేను చదవడం ఎప్పుడో ఆపాను. బయట కుక్కరు కూత వినిపిస్తోంది. ఆ పిల్లకు కావలసింది ఇంట్లో ఒక్కరి మాట. ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కతే. మా ముగ్గురిలో ఇద్దరికి ఆ సంగతి తెలుసు.

“బాగానే చూసుకున్నారమ్మా,” అంది అక్క. “ఒక్క మాట అన్లేదు.”

పిల్ల ఊపిరి వదిలింది. “అంతే కదా. అంతే ఉంటే చాలు,” అని లేచి, నా వైపు చూసి, “తాతయ్యా, టీ పెట్టనా?” అంది.

ఆమె వంటింట్లోకి వెళ్ళాక నేను గొంతు తగ్గించి అడిగాను. “ఎందుకక్కా అలా చెప్పావు?”

“అబద్ధం చెప్పానా?”

“లేదు.”

“మరి? పోయిన మనిషి మీద మనవరాలికి చాడీలు చెప్పమంటావా? ఆయన తప్పేముందిరా ఇందులో? నన్నెలా కట్టేశారో ఆయన్నీ అలాగే కట్టేశారు. ఆయన దానికి తాత. ఫోటో చూసి దండం పెట్టుకుంటుంది పొద్దున్నే.” చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు చూపు పోయాక కూడా నీళ్ళు కారుస్తాయి. డాక్టరు దాన్ని జబ్బులో భాగమే అన్నాడు.

ఆమె చెప్పిన మాటలను నేను ఒక్కొక్కటే సరిచూశాను. అన్నీ నిజమే. నా ఉద్యోగంలో అలాంటి లెక్కలు చూశాను. ప్రతి పద్దుకూ రసీదు ఉంటుంది, కూడిక సరిపోతుంది, అయినా పెట్టెలో ఏమీ ఉండదు.

ఈస్టరు దాటింది. మూడు ప్రకటనలూ మూడు ఆదివారాలు తప్పకుండా చదివారు. ప్రతిసారీ అయ్యగారు నా వైపు ఒకసారి చూసి మరీ చదివారు. ఆటంకం గురించి అడిగారు. మూడుసార్లూ అక్క చెయ్యి నా మణికట్టు మీద ఉంది. ఒక్కసారీ బిగియలేదు. పెళ్ళిలో పిల్ల ‘అవును’ అన్నది మాకు వినిపించలేదు. అయ్యగారు తల ఊపడం చూసి నేను అక్కతో “అంది” అని చెప్పాను.

పోయిన నెల ఒక బుధవారం మనవరాలు వచ్చింది. వాళ్ళ కాపురం ఆ యాప్రాల్ ఫ్లాటులోనే. నానమ్మకు ఇష్టమని బొబ్బట్లు తెచ్చింది. నానమ్మ చేతి గోళ్ళు తీసింది, తలకు నూనె రాసింది. ఆఫీసు కబుర్లు చెప్పి నవ్వించింది. ఆ పాటల బృందం ఆవిడ ఇప్పుడు లిఫ్టులో కనిపించినప్పుడల్లా ‘నా వల్లనే గదా నీకు ఇల్లు దొరికింది’ అంటుందట.

నూనె రాయడం అయ్యాక అక్క అడిగింది. “అతను నిన్ను పేరు పెట్టి పిలుస్తాడా తల్లీ?”

పిల్ల దువ్వెన ఆపింది.

“ఇద్దరమే ఉంటాం కదా నానమ్మా. పిలవాల్సిన అవసరమే రాదు. మాట్లాడితే నాతోనే అని తెలుస్తుంది కదా.” మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. “బాగానే చూసుకుంటాడు. ఒక్క మాట అనడు.”

జడ అల్లింది. చివర దారంతో ముడి వేసి, నానమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి, బస్సు ఉందంటూ వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల కింద ఆగిపోయేదాకా అక్క అటే ముఖం తిప్పి ఉంది.

“చదవరా,” అంది.

పుస్తకం తెరిచాను. దొరా అతని భార్యా ఇంకా ఆ బల్ల రెండు కొసలా కూర్చునే ఉన్నారు. బయట మంచు కరగడం మొదలైంది. దొర చేతిలోని గ్లాసు కింద పెట్టి లేచి, బల్ల పొడవునా ఆమె వైపు నడిచి వస్తున్నాడు.

“ఎన్నో పేజీ?”

“రెండు వందల ముప్ఫై ఒకటి. పేజీ తిప్పితే పిలుస్తాడనుకుంటా.”

నేను పేజీ అంచు పట్టుకుని ఉన్నాను.

“అది దాటెయ్,” అంది.

జీవితంలో నేను ఏ కాగితాన్నీ చూడకుండా తిప్పలేదు. ఆ వేళ రెండు కాగితాలు కలిపి తిప్పాను. రెండు వందల ముప్ఫై నాలుగు దగ్గర వాక్యం మధ్యలో మొదలైంది. అక్కడినుంచే చదువుతూ పోయాను.